చిత్తుప్రతి – శుద్ధప్రతి: మన కణంలోని కార్యాలయం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి, ఏటేటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, “మాస్టారూ, సైన్సు గురించి ఏదైనా చెప్పండి. అయితే అందరికీ అర్థం కావాలి, భోజనాల వేళ దాటకూడదు” అని రెండు షరతులు పెట్టారు. రెండో షరతు తప్పకుండా పాటిస్తాను. మొదటిదానికి మీ సహకారం కావాలి.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. జన్యువుల పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా నా ఇంట్లో ఆ పాఠం అవసరమైనప్పుడు నాకే గుర్తు రాలేదు. ముందుగా ఆ సంగతి చెప్పి, తర్వాత విషయంలోకి వస్తాను.

మా చెల్లెలి కూతుర్ని మా తమ్ముడి కొడుక్కి చేసుకున్నాం. మేనరికం. సంబంధం కుదిర్చింది నేనే, దగ్గరుండి పెళ్లి జరిపించిందీ నేనే. మగపిల్లవాడు పుట్టాడు. వాడు నాకు రెండు వైపులా మనవడే. ఏడో నెల వచ్చేసరికి పిల్లవాడు పాలిపోవడం, పాలు సరిగా తాగకపోవడం మొదలైంది. రక్తపరీక్షలు చేసి, తలసేమియా మేజర్ అన్నారు. అంటే ఒంట్లో సరైన రక్తం తయారుకాని పుట్టు జబ్బు. ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి.

అప్పుడు మా ఇంట్లో అందరం పరీక్ష చేయించుకున్నాం. నేను, మా తమ్ముడు, మా చెల్లెలు, ముగ్గురమూ ఈ జబ్బుకు వాహకులమని తేలింది. మాకు జబ్బు లేదు, కానీ దాని విత్తనం ఉంది. చిన్నప్పటినుంచీ నాకు “కొంచెం రక్తం తక్కువ” అంటుంటే ఇనుము మాత్రలు మింగుతూ వచ్చాను. అసలు సంగతి తెలిసేసరికి తాతనయ్యాను.

పిల్లవాడి జన్యు పరీక్ష నివేదికలో ఒక చిన్న పంక్తి ఉంది: “ఐ.వి.ఎస్. 1–5, జి నుంచి సి.” మూడు పేజీల నివేదికలో అసలు విషయం అదే. దాని అర్థమేమిటని ఇంట్లో అందరూ నన్నే అడిగారు. పాత పుస్తకాలు తీశాను, కొత్తవి తెప్పించాను. ఆ ఒక్క పంక్తికి అర్థం చెప్పడమే ఈ రోజు నా ప్రసంగం.

మిత్రులారా, మనమందరం ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లం. రికార్డు రూము అంటే ఏమిటో మనకు చెప్పనక్కరలేదు. అసలు రికార్డు బయటికి వెళ్లదు. కావలసినప్పుడు నకలు తీసి ఇస్తారు. మన శరీరంలో దాదాపు అన్ని రకాల కణాలకూ అలాంటి రికార్డు రూము ఒకటి ఉంది. దాన్ని కేంద్రకం అంటాం. అందులో డి.ఎన్.ఏ. అనే పెద్ద దస్తావేజు ఉంటుంది. అది నాలుగే అక్షరాలతో రాసి ఉంటుంది. అక్షరం అన్నది పోలిక మాత్రమే, నిజానికి అవి నాలుగు రకాల రసాయనపు ముక్కలు. వాటిని ఏ, టి, జి, సి అంటాం. మనిషి దస్తావేజులో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. అందులో ప్రోటీన్లు, అంటే మాంసకృత్తులు, తయారుచేసే ఉత్తర్వులు సుమారు 20,000. ఒక్కొక్క ఉత్తర్వును జన్యువు అంటాం.

ప్రోటీను తయారయ్యే చోటు కేంద్రకంలో లేదు, బయట ఉంది. రైబోజోములనే యంత్రాలు అక్కడ పనిచేస్తుంటాయి. కాబట్టి జన్యువుకు నకలు తీసి బయటికి పంపాలి. ఆ నకలు ఆర్.ఎన్.ఏ. రూపంలో ఉంటుంది. అందులో టి అక్షరం బదులు యు ఉంటుంది, మిగిలిన అక్షరాలు అవే. బయటికి వెళ్లే ఆ నకలుకు వార్తాహర ఆర్.ఎన్.ఏ. అని పేరు.

మా రోజుల్లో పాఠం ఇక్కడితో అయిపోయేది. డి.ఎన్.ఏ. నుంచి ఆర్.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ. నుంచి ప్రోటీను అని బోర్డు మీద రెండు బాణాలు గీసేవాళ్లం. కానీ మొదటి బాణం మధ్యలో ఒక పెద్ద ఆఫీసే ఉంది. రికార్డునుంచి తీసిన నకలు నేరుగా బయటికి వెళ్లదు. అది చిత్తుప్రతి మాత్రమే. దాన్ని దిద్ది, అక్కరలేని భాగాలు కొట్టేసి, ముద్ర వేసి, శుద్ధప్రతిగా చేశాకే డెస్పాచ్ అవుతుంది. ఆ ఆఫీసులో మూడు పనులు జరుగుతాయి.

మొదటి పని తలమీద ముద్ర. చిత్తుప్రతి ఇంకా పూర్తిగా తయారు కాకముందే, ఇరవై ముప్ఫై అక్షరాలు వచ్చేసరికే, దాని మొదట్లో జి జాతికి చెందిన ఒక ప్రత్యేకమైన ముక్కను తిరగేసి అతికిస్తారు. దీన్ని టోపీ అనుకోండి. 1975లో దీని నిర్మాణం బయటపడింది. ఈ టోపీ ఉంటేనే రైబోజోము ఆ కాగితాన్ని అసలైన ఉత్తర్వుగా గుర్తిస్తుంది. లేకపోతే నమిలేసే ఎంజైములు మొదటినుంచీ నమిలేస్తాయి.

రెండో పని తోక. చిత్తుప్రతి చివరి భాగంలో ఏ-ఏ-యు-ఏ-ఏ-ఏ అనే ఆరు అక్షరాల గుర్తు వస్తుంది. అది దాటిన పది ముప్ఫై అక్షరాల్లో కాగితాన్ని తెంచి, ఆ చివర వరసగా రెండువందల దాకా ఏ అక్షరాలు చేరుస్తారు. ఈ ఏ-ల వరస అసలు దస్తావేజులో ఎక్కడా లేదు. ఆఫీసులోనే చేర్చిన కాగితం అది. దాని మూలంగా ఉత్తర్వు ఎక్కువకాలం మన్నుతుంది. తోక అరిగిపోతూ వస్తే ఉత్తర్వు కాలం తీరిపోయిందని లెక్క.

కోవిడ్ కాలంలో ఫైజర్, మోడెర్నా టీకాల గురించి విన్నాం కదా. అవి ప్రయోగశాలలో తయారుచేసిన వార్తాహర ఆర్.ఎన్.ఏ. టీకాలు. వాటికీ ఈ టోపీ, ఈ తోక పెట్టే పంపారు. మనలో చాలామంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఆ కోవకు చెందినవి కావు.

మూడో పని అన్నిటికన్నా పెద్దది, కత్తిరింపు. ఇది తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకే చాలాకాలం పట్టింది. బాక్టీరియాలలో జన్యువు మొదటి అక్షరంనుంచి చివరి అక్షరందాకా వరసగా ప్రోటీనుగా మారుతుంది. మనిషిలోనూ అంతేనని అందరూ అనుకున్నారు. కానీ ఒక చిక్కు మిగిలింది. కేంద్రకంలో చాలా పొడవాటి ఆర్.ఎన్.ఏ.లు కనిపించేవి, బయట పొట్టివి కనిపించేవి. చివర్లు తెగి పొట్టివయ్యాయా అంటే, టోపీ అలాగే ఉంది, తోకా అలాగే ఉంది. రెండు కొసలూ ఉండగా పొడవు ఎలా తగ్గింది?

1977లో దీనికి జవాబు దొరికింది. మన హైదరాబాదులో సి.సి.ఎం.బి. పుట్టిన ఏడాది కూడా అదే. అమెరికాలో ఫిలిప్ షార్ప్ బృందం ఒకచోట, రిచర్డ్ రాబర్ట్స్ బృందం మరోచోట, జలుబు తెప్పించే అడినోవైరస్ మీద పనిచేస్తున్నాయి. వైరస్ వార్తాహర ఆర్.ఎన్.ఏ.ను దాని డి.ఎన్.ఏ. పక్కన జతకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. రెండు దారాలు చివరిదాకా అతుక్కుని ఉంటాయనుకున్నారు. అలా లేవు. అక్కడక్కడ డి.ఎన్.ఏ. దారం ఉంగరాల్లా పైకి లేచి ఉంది. అంటే దస్తావేజులో ఉన్న ఆ భాగాలకు వార్తలో జోడీ లేదు. మధ్యలో ముక్కలు తీసేసి మిగిలినవాటిని కలిపి కుట్టేశారన్నమాట. ఆ పరిశోధనల్లో సూసన్ బర్గెట్, క్లేర్ మూర్, లూయీస్ చౌ అనే మహిళల కృషి చాలా ఉంది. 1993లో షార్ప్, రాబర్ట్స్ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

కొట్టేసే భాగాలకు ఇంట్రాన్లనీ, ఉంచే భాగాలకు ఎక్సాన్లనీ 1978లో వాల్టర్ గిల్బర్ట్ పేర్లు పెట్టారు. మా మనవడి నివేదికలోని ఐ.వి.ఎస్. అన్నది ఇంట్రానుకే మరో పేరు. మధ్యలో అడ్డువచ్చే వరస అని దాని అర్థం. “ఐ.వి.ఎస్. 1–5” అంటే మొదటి ఇంట్రానులో అయిదో అక్షరం. ఇప్పుడు పంక్తిలో సగం అర్థమైంది.

కొట్టేసే భాగం తక్కువేమీ కాదు. కండరాలకు కావలసిన డిస్ట్రోఫిన్ అనే ప్రోటీను జన్యువు 20 లక్షల అక్షరాలకు పైబడి ఉంటుంది. దానికి నకలు తీయడానికే 16 గంటలు పడుతుంది. కత్తిరింపులన్నీ అయ్యాక మిగిలే 79 ముక్కలను కలిపితే 14,000 అక్షరాలు. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు చెత్తబుట్టలోకే. మన ఆఫీసుల్లో ఎంత పెద్ద నోటు రాసినా ఇంత కొట్టివేత ఏ అధికారీ చేసి ఉండడు.

మరి ఎక్కడ కొట్టేయాలో ఎలా తెలుస్తుంది? గుర్తులున్నాయి. దాదాపు ప్రతి ఇంట్రాను జి-యు అనే రెండు అక్షరాలతో మొదలై, ఏ-జి అనే రెండు అక్షరాలతో ముగుస్తుంది. కానీ ఈ రెండేసి అక్షరాలు దస్తావేజులో అడుగడుగునా వస్తుంటాయి. అందువల్ల వాటి పక్కనున్న అక్షరాలను కూడా కలిపి చదివి, ఇది అసలు గుర్తా, కాదా అని తేల్చుకోవాలి. ఆ పని చేసే దిద్దుబాటు బృందం పేరు స్ప్లైసియోజోము. అందులో చిన్న ఆర్.ఎన్.ఏ.లు అయిదు, యు-1, యు-2, యు-4, యు-5, యు-6 అనేవి, వందకు పైగా ప్రోటీన్లతో కలిసి పనిచేస్తాయి.

ఈ బృందాన్ని పట్టిచ్చింది ఎవరో వింటే ఆశ్చర్యపోతారు. లూపస్ జబ్బుతో బాధపడే రోగులు. వాళ్ల రక్తంలో తమ శరీరం మీదే దాడిచేసే ప్రతిరక్షకాలు ఉంటాయి. అవి కణంలో దేన్ని పట్టుకుంటున్నాయని యేల్ విశ్వవిద్యాలయంలో జోన్ స్టైట్జ్, మైకేల్ లెర్నర్ వెతికితే, అవి ఈ చిన్న ఆర్.ఎన్.ఏ. బృందాలనే పట్టుకుంటున్నాయి. కత్తిరింపు పని వీటిదేనని 1980లో వాళ్లు సూచించారు, తర్వాత అది రుజువైంది.

పని జరిగే తీరు క్లుప్తంగా చెబుతాను. యు-1 వచ్చి ఇంట్రాను మొదలును పట్టుకుంటుంది. యు-2 ఇంట్రాను చివరికి దగ్గరలో ఉన్న ఒక ఏ అక్షరం దగ్గర కూర్చుంటుంది. మిగిలిన ముగ్గురూ కలిసి వస్తారు. ఇంట్రాను మొదటి కొస తెగి, వంగి వచ్చి, ఆ ఏ అక్షరానికి ముడిపడుతుంది. చూడ్డానికి పశువుకు వేసే పలుపుతాడు ఉచ్చులాగా ఉంటుంది. తర్వాత రెండో కొస తెగుతుంది, రెండు ఎక్సాన్లూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఉచ్చు ఊడి పడిపోతుంది. చాలామట్టుకు ఇదంతా నకలు ఒకవైపు టైపవుతుండగానే జరుగుతుంది.

మన ఆఫీసు పద్ధతి ఒకటి ఇక్కడా ఉంది. దిద్దిన చోట పక్కన పొట్టి సంతకం పెడతాం కదా? కణం కూడా రెండు ఎక్సాన్లు కలిపిన ప్రతి అతుకుకూ ఇరవై ఇరవైనాలుగు అక్షరాల ముందు ఒక ప్రోటీను ముద్దను గుర్తుగా ఉంచుతుంది. బయట రైబోజోము మొదటిసారి చదివేటప్పుడు ఆ గుర్తులను తీసేస్తూ పోతుంది. ఎక్కడైనా “ఉత్తర్వు సమాప్తం” అనే మాట వచ్చేసి, ఇంకా ముందు పొట్టి సంతకాలు మిగిలి ఉంటే, ఈ కాగితంలో ఏదో తప్పుందని గ్రహించి దాన్ని చాలావరకు నాశనం చేసేస్తారు. ఇంత జాగ్రత్త ఉంది.

ఇంట్రాన్ల వల్ల ఒక లాభం కూడా ఉంది. ఒకే చిత్తుప్రతిని రెండు రకాలుగా దిద్ది రెండు ఉత్తర్వులు తయారుచేయవచ్చు. ఒకే జన్యువునుంచి థైరాయిడ్ గ్రంథిలో కాల్షియంకు సంబంధించిన కాల్సిటోనిన్ వస్తే, నాడీకణాల్లో రక్తనాళాలను వెడల్పుచేసే మరో ప్రోటీను వస్తుంది. 1980ల మొదట్లో ఇది తెలిసింది. మనిషి జన్యువుల్లో చాలా ఎక్కువభాగం ఇలా రకరకాలుగా దిద్దబడేవే. అందుకే 20,000 జన్యువులతో ఇంత శరీరం నడుస్తోంది.

ఇక మా మనవడి దగ్గరకు వస్తాను. రక్తం ఎర్రగా ఉండటానికి, ప్రాణవాయువు మోయటానికి హిమోగ్లోబిన్ కావాలి. అందులో ఆల్ఫా గొలుసులు రెండు, బీటా గొలుసులు రెండు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బీటా బదులు వేరే గొలుసు పనిచేస్తుంది. పుట్టిన కొన్ని నెలలకు బీటా వంతు వస్తుంది. అందుకే మావాడికి జబ్బు ఏడో నెలలో బయటపడింది.

ఈ బీటా గొలుసు జన్యువు చిన్నది. చిత్తుప్రతి సుమారు 1600 అక్షరాలు. అందులో ఇంట్రాన్లు రెండు. మొదటిది 130 అక్షరాలు, రెండోది 850. రెండూ తీసేస్తే 620 పైచిలుకు మిగులుతుంది. దాన్నుంచి 146 ముక్కల ప్రోటీను తయారవుతుంది. మొదటి ఇంట్రాను మొదలు ఇలా ఉంటుంది: జి-యు-యు-జి-జి-యు. అయిదో అక్షరం జి. మా మనవడికి ఆ అయిదోది సి. అంతే. మిగిలినదంతా సక్రమంగా ఉంది. ఇంతకీ ఆ అక్షరం ప్రోటీనులోకి వెళ్లేది కూడా కాదు, ఎలాగూ కొట్టేసే భాగంలోదే.

మరి ఎందుకింత జబ్బు? ఆ అయిదో అక్షరం యు-1 చేయి పట్టుకునే చోటు. జి ఉంటే యు-1లోని సి దానికి సరిగ్గా జతకూడుతుంది. సి ఉంటే జతకూడదు, పట్టు జారుతుంది. అసలు గుర్తు మసకబారేసరికి దిద్దేవాళ్లు తడబడి, దగ్గరలో అలాంటివే మరో మూడు చోట్లను పట్టుకుంటారు. ఒకటి 16 అక్షరాల ముందు, ఒకటి 38 అక్షరాల ముందు, ఒకటి 13 అక్షరాల తర్వాత. అక్కడ కోసి కుడతారు.

అలా కుడితే ఏమవుతుందో మావాడికి చెప్పడానికి ఒక వాక్యం తయారుచేశాను. రైబోజోము మూడేసి అక్షరాలు కలిపి ఒక మాటగా చదువుతుంది. కాబట్టి అన్నీ మూడక్షరాల మాటలే: “గోదారి వరద తగ్గింది పడవ సాగింది.” ఇప్పుడు మొదటి అక్షరం ఒక్కటి తీసేసి, మళ్లీ మూడేసి చొప్పున చదవండి: “దారివ రదత గ్గిందిప డవసా గింది.” పోయింది ఒక్క అక్షరమే, అర్థం మాత్రం మొత్తం పోయింది. 16, 38, 13, ఈ మూడింటిలో ఏదీ మూడుతో భాగింపబడదు. అందువల్ల ఆ తప్పుడు కుట్ల తర్వాత ప్రతి మాటా చెడుతుంది. అలాంటి ఉత్తర్వులు పారేయడానికే తప్ప దేనికీ పనికిరావు. సరైన ఉత్తర్వు ఎప్పుడో ఒకటి వస్తుంది, అది చాలదు.

నా సర్వీసులో ఒకసారి జీతాల స్థిరీకరణ ఉత్తర్వులో “మినహా” అనే ఒక్క మాట టైపులో జారిపోయింది. సవరణ వచ్చేదాకా పద్నాలుగు నెలలు కొంతమందికి ఇంక్రిమెంటు ఆగింది. ఆ బకాయిలు తర్వాత వచ్చాయి. ఈ ఉత్తర్వుకు మాత్రం సవరణ జారీచేసే అధికారి శరీరంలో లేడు.

ఇలాంటి తప్పులు దేశదేశానికీ వేరు. మధ్యధరా సముద్ర తీరదేశాల్లో ఎక్కువగా కనిపించేది అదే ఇంట్రానులో 110వ అక్షరం మారడం. అక్కడ లేని గుర్తు ఒకటి కొత్తగా పుట్టి, 19 అక్షరాలు కొట్టేయకుండా ఉండిపోతాయి. మన బెంగాలు, అస్సాం ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే హిమోగ్లోబిన్ ఇ కూడా కొంతవరకు కత్తిరింపు తప్పే. మా ఇంట్లో ఉన్న అయిదో అక్షరం మార్పు భారతదేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. మన తెలుగువాళ్లలోనూ దానిదే మొదటి స్థానం. అందుకే ఇది మా ఇంటి కథ మాత్రమే కాదని మీ ముందు పెడుతున్నాను.

ఈ తప్పును బయటినుంచి దిద్దలేమా అన్న ప్రశ్న వస్తుంది. 1993లో డొమిన్‌స్కీ, కోలే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేశారు. తప్పుడు గుర్తుకు జతకూడే చిన్న అక్షరమాల తయారుచేసి దానిమీద అతికించారు. కాగితం మీద తప్పు చోట తెల్లకాగితం ముక్క అంటించినట్టు. గుర్తు కనపడక దిద్దుబాటు బృందం సరైన చోటుకే వెళ్లింది. తలసేమియా ఆర్.ఎన్.ఏ. మీద, పరీక్షనాళికలో, ఇది పనిచేసింది.

ఆ ఉపాయం మందుగా మారింది వేరే జబ్బులో. వెన్నుపాములోని నాడీకణాలు చచ్చిపోయి పసిపిల్లల కండరాలు క్షీణించే జబ్బు ఒకటుంది, స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. ఆ పిల్లల్లో అవసరమైన జన్యువు లోపించి ఉంటుంది. దాని జోడీ జన్యువు ఉంటుంది కానీ, ఒక్క అక్షరం తేడావల్ల దాని ఏడో ఎక్సాను ఎక్కువసార్లు పొరపాటున కొట్టివేతలో పోతుంది. ఆ ఎక్సాను పక్కనున్న ఇంట్రానులో అడ్డుపడే గుర్తును 2006లో రవీంద్ర సింగ్ బృందం చూపింది. దానిమీద అంటించే 18 అక్షరాల మందును ఏడ్రియన్ క్రైనర్, ఒక మందుల సంస్థతో కలిసి తయారుచేశారు. నుసినర్సెన్ అనే ఆ మందుకు 2016 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. 2020లో నోటితో తాగే రిస్డిప్లామ్ అనే మందు వచ్చింది. అదీ అదే కత్తిరింపును సరిచేస్తుంది. మన దేశంలో దాని సీసా సుమారు ఆరు లక్షల రూపాయలు ఉండేది. పేటెంటు వివాదం సుప్రీంకోర్టుదాకా వెళ్లి, 2025 అక్టోబరులో కోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది; హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ అదే మందు సీసాకు 15,900 రూపాయల ధర ప్రకటించింది. కణంలోని కత్తిరింపు గురించి నాకెందుకు అనుకునేవారికి ఈ రెండు ధరలు చాలు.

తలసేమియాకు మాత్రం కత్తిరింపును సరిచేసే మందు ఇంకా చేతికి రాలేదు. క్రమంగా రక్తం ఎక్కించడం, దానివల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును మందులతో తీసేయడం, తోబుట్టువుల ఎముకమజ్జ సరిపోతే మార్పిడి చేయించడం, ఇవే ఇప్పటికి మనకు అందే ముఖ్యమైన దారులు. జన్యు చికిత్సలకు 2019 నుంచి కొన్ని దేశాల్లో అనుమతి వచ్చింది కానీ వాటి ఖర్చు మన ఊహకు అందదు. కాబట్టి మన చేతిలో ఉన్నది ముందుజాగ్రత్త.

మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు వాహకులని అంచనా. ఏటా పదివేలమందికి పైగా పిల్లలు తలసేమియా మేజర్‌తో పుడుతున్నారు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు జబ్బు వచ్చే అవకాశం ఉంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదని లేదు. దగ్గరి సంబంధాల్లో ఈ అవకాశం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఇద్దరికీ తాత ఒకరే, ఒకరి అమ్మమ్మే రెండోవారికి నానమ్మ.

అందువల్ల మీకు నా మనవి. ఇంట్లో పెళ్లికి ఎదిగిన మనవలు, మనవరాళ్లు ఉంటే జాతకంతోపాటు ఒక రక్తపరీక్ష చూడండి. మామూలు రక్తపరీక్షలో ఎర్రకణాలు మరీ చిన్నవిగా ఉన్నాయంటే, హిమోగ్లోబిన్ ఏ-2 పరీక్ష చేయించండి. అది 3.5 శాతం దాటితే వాహకులు కావచ్చు, డాక్టరును అడగండి. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. వాహకులైతే వాళ్లకు జబ్బేమీ లేదు, పెళ్లికి అడ్డూ లేదు. రెండోవారికి ఏ హిమోగ్లోబిన్ లోపమూ లేకపోతే బిడ్డకు మేజర్ రాదు. ఇద్దరూ వాహకులైతే, గర్భం పదకొండు పన్నెండు వారాలప్పుడే బిడ్డను పరీక్షించే సదుపాయం ఉంది. ముందే తెలిస్తే నిర్ణయం వాళ్ల చేతుల్లో ఉంటుంది. మా పిల్లలకు ఆ అవకాశం నేను ఇవ్వలేకపోయాను.

ఇంకొక మాట. మన ఇళ్లలో బిడ్డకు ఏదైనా వస్తే కోడలి అడుగు మంచిది కాదనే నాలుకలున్నాయి. ఈ జబ్బు రావాలంటే ఒక తప్పు తల్లినుంచి, ఒక తప్పు తండ్రినుంచి, రెండూ రావాలి. సైన్సు ఈ విషయంలో ఇద్దరికీ సమానంగా పంచింది. ఎవరినైనా అనవలసి వస్తే సంబంధం కుదిర్చిన నన్ను అనండి. ఇంకా, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియాను కూడా చేర్చారు. తెలిసినవాళ్ల పిల్లలకు ధ్రువపత్రం సంగతి చెప్పండి. కాగితాలు నడిపించడంలో మనకున్న అనుభవం ఎవరికుంది?

మావాడు మొన్న నా వాక్యం విని, కాసేపు ఆలోచించి, “పెద్ద తాతయ్యా, అయితే దిద్దేవాళ్ల తప్పు లేదన్నమాట, వాళ్లకు గుర్తు కనపడలేదంతే” అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచక, అవునన్నాను.

లెక్కవేస్తే వాడికి ఇప్పటికి నూట డెబ్బైకి పైగా సార్లు రక్తం ఎక్కించారు. అది ఇచ్చినవాళ్లెవరో మాకు తెలియదు. వాళ్లలో మీ పిల్లలు కూడా ఉండి ఉండవచ్చు. అరవై అయిదు దాటినవాళ్లం కాబట్టి మనలో చాలామంది రక్తం తీసుకోరు. కానీ మన కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, కోడళ్లు, పద్దెనిమిది దాటిన మనవలు ఇవ్వవచ్చు. వచ్చే కార్యవర్గ సమావేశంలో మన సంఘం తరఫున ఏటా ఒక రక్తదాన శిబిరం పెట్టే విషయం చర్చించమని అధ్యక్షులవారిని కోరుతున్నాను. దరఖాస్తు, చిత్తుప్రతి, శుద్ధప్రతి అన్నీ నేనే రాసి ఇస్తాను.

భోజనాల వేళ అయింది.